మా పక్కింటి వియత్నాం వాళ్ళు: నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

మేము కాలిఫోర్నియాలో శాన్ హోసేలో, ఎవర్‌గ్రీన్ వైపు ఉంటాం. పక్కిల్లు వియత్నాం వాళ్ళది, ఎదురిల్లూ వాళ్ళదే. మా పాపకి పళ్ళు చూసే డాక్టరమ్మ, మా కారు బాగుచేసే మెకానిక్కు కూడా వియత్నాం వాళ్ళే. విశాఖ నుంచి అమ్మానాన్న వచ్చినా, ఆఫీసులో కొత్తగా తెలుగువాళ్ళు ఎవరు చేరినా వీళ్ళ గురించి అవే ప్రశ్నలు. చెప్పిందే చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇక్కడ రాసి పెడుతున్నాను. నేనేమీ పరిశోధకురాలిని కాదు. పదిహేనేళ్ళుగా ఫెన్సుకి ఇవతల ఉన్నదాన్ని, అంతే.

అసలు ఎంతమంది ఉన్నారు? ఎక్కడ చూసినా వాళ్ళే కనిపిస్తున్నారు.

మీకు అలా కనిపించడానికి కారణం మీరు దిగిన ఊరు. 2020 జనాభా లెక్కల్లో మిశ్రమ సంతానాన్ని కూడా కలుపుకుంటే అమెరికాలో వియత్నాం మూలాలున్నవాళ్ళు 22 లక్షలకు పైనే. కాలిఫోర్నియా మొదటిది, టెక్సస్ రెండోది. ఒక్క శాన్ హోసేలోనే లక్ష మందికి పైగా ఉన్నారు, అంటే ఊళ్ళో పది మందిలో ఒకరు. స్టోరీ రోడ్డు మీద గ్రాండ్ సెంచురీ మాల్ వైపు వెళ్తే బోర్డులన్నీ వియత్నామీస్‌లోనే ఉంటాయి. దక్షిణాన ఆరెంజ్ కౌంటీలో వెస్ట్‌మిన్‌స్టర్, గార్డెన్ గ్రోవ్ ఊళ్ళది ఇంకా పెద్ద సందడి. హ్యూస్టన్, న్యూ ఆర్లియన్స్, వాషింగ్టన్ దగ్గర ఫాల్స్ చర్చ్ కూడా చెప్పుకోదగ్గవే.

మనలాగే చదువుకో, ఉద్యోగానికో వచ్చారా?

లేదు. మిగతా జవాబులన్నీ అర్థం కావాలంటే ముందు ఇది తెలియాలి. మనం వీసా స్టాంపు వేయించుకుని, రెండు సూట్‌కేసుల నిండా పచ్చళ్ళు, పొడులు కుక్కుకుని వచ్చాం. ఇక్కడ నచ్చకపోతే వెనక్కి వెళ్ళడానికి ఇల్లుంది, ఊరుంది. వాళ్ళ మొదటి తరానికి వెనక్కి వెళ్ళే దారే లేదు. వాళ్ళకి తెలుగులో సరైన మాట 'కాందిశీకులు'. విశాఖలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు చూసినవాళ్ళకి ఈ మాట కొత్తేమీ కాదు. రంగం (రంగూన్) వెళ్ళి స్థిరపడ్డ తెలుగువాళ్ళు 1942లో జపాన్ బాంబులకి భయపడి కొండలూ అడవులూ దాటి నడిచొచ్చారు. 1960ల్లో అక్కడి సైనిక ప్రభుత్వం వ్యాపారాలు లాక్కున్నాక మళ్ళీ ఓడల్లో వచ్చారు. మా అమ్మకి పక్కింటివాళ్ళ కథ చెప్తే వెంటనే అన్న మాట, "మన బర్మా వాళ్ళలాగే అన్నమాట" అని. కొంత నిజమే. కాకపోతే బర్మా వాళ్ళు సొంతగడ్డకి చేరారు, వీళ్ళు సొంతగడ్డని వదిలి వచ్చారు.

1975 ఏప్రిల్ 30న, అమెరికా అండ ఉన్న దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్, కమ్యూనిస్టుల ఉత్తర వియత్నాం సైన్యం చేతికి చిక్కింది. చివరి రెండు రోజుల్లో హెలికాప్టర్లలో తీసుకెళ్ళింది సుమారు 7 వేల మందిని. అమెరికన్లు బయల్దేరడానికి రేడియోలో గుర్తు పెట్టుకున్నారు: ఎండ 105 డిగ్రీలు దాటుతోందన్న వార్త, దాని వెనకే ఒక క్రిస్మస్ పాట. నడివేసవిలో క్రిస్మస్ పాట వినిపించిందంటే పని అయిపోయిందని అర్థం. ఆ ఏడాది మొత్తం మీద సుమారు లక్షా పాతిక వేల మంది అమెరికా చేరారు. ఎక్కువమంది సైన్యంలో, ప్రభుత్వంలో, అమెరికన్ల దగ్గర పనిచేసినవాళ్ళూ, వాళ్ళ కుటుంబాలూ.

తర్వాత వచ్చినవాళ్ళది ఇంకా ఘోరం. పాత ప్రభుత్వంలో పనిచేసినవాళ్ళని 'పునర్విద్య' పేరుతో శిబిరాల్లో ఏళ్ళ తరబడి పెట్టారు. వ్యాపారాలు, ముఖ్యంగా చైనా మూలాలున్నవాళ్ళవి, స్వాధీనం చేసుకున్నారు. 1978 నుంచి జనం చేపల పడవల్లో రాత్రికి రాత్రి బయల్దేరారు. పడవవాడికి ఇవ్వాల్సింది బంగారం. ఇళ్ళల్లో దాచుకున్న తులాలన్నీ దానికే పోయాయి. సముద్రంలో తుఫాను, దాహం, థాయ్‌లాండ్ సింధుశాఖ వైపు దోపిడీ దొంగలు. ఎంతమంది చనిపోయారో ఎవరూ లెక్కపెట్టలేదు. అంచనాలు లక్షల్లో ఉంటాయి. బతికినవాళ్ళు మలేషియా, ఇండోనేషియా, హాంకాంగ్, ఫిలిప్పీన్స్ శిబిరాల్లో పడ్డారు. మలేషియా దగ్గర పులావ్ బిదోంగ్ అనే చిన్న దీవిలో 1979లో ఒక దశలో 40 వేల మంది కిక్కిరిసి ఉన్నారు.

మీ ఇంట్లో నూడుల్స్ మీద పోసుకునే కోడిపుంజు బొమ్మ శ్రీరాచా సాస్ ఉందే, దాని కంపెనీ పేరు హుయ్ ఫాంగ్. అది డేవిడ్ ట్రాన్ అనే ఆయన శరణార్థిగా ఎక్కిన ఓడ పేరు. 1978 డిసెంబరులో 3 వేలకు పైగా జనంతో హాంకాంగ్ చేరిన సరుకుల ఓడ అది. ఆయన 1980లో లాస్ ఏంజెలెస్‌లో కంపెనీ పెట్టినప్పుడు దానికి ఆ ఓడ పేరే పెట్టుకున్నాడు.

ఆ తర్వాత దారులు కాస్త పద్ధతి ప్రకారం తెరుచుకున్నాయి. 1979లో విమానంలో చట్టబద్ధంగా వచ్చే ఏర్పాటు మొదలైంది. 1987 చట్టంతో అమెరికన్ సైనికుల పిల్లలు వచ్చారు. 1990 నుంచి పునర్విద్య శిబిరాల్లో మూడేళ్ళు, అంతకంటే ఎక్కువ మగ్గినవాళ్ళు కుటుంబాలతో వచ్చారు. మా పక్కింటి తాతగారు పడవలో వచ్చిన మనిషి. ఆయన తమ్ముడు ఈ చివరి దారిలో పదేళ్ళ తర్వాత వచ్చాడు.

అందరూ కాలిఫోర్నియాకే ఎందుకు చేరారు?

ప్రభుత్వం చేర్చలేదు. నిజానికి దానికి ఉల్టా ప్లాన్ వేసింది. 1975లో వచ్చినవాళ్ళని కాలిఫోర్నియా, ఆర్కాన్సా, పెన్సిల్వేనియా, ఫ్లోరిడాల్లో నాలుగు సైనిక స్థావరాల్లో ఉంచారు. ఒక్కో కుటుంబానికి ఒక స్పాన్సరు దొరికితేనే బయటికి పంపేవాళ్ళు. స్పాన్సర్లు ఎక్కువగా చర్చిలు. ఏ ఒక్క ఊరిమీదా భారం పడకుండా దేశమంతా చల్లేశారు. మేకాంగ్ డెల్టాలో పుట్టినవాళ్ళు మంచుపడే ఊళ్ళల్లో, చుట్టుపక్కల తమ భాష వచ్చినవాడు ఒక్కడూ లేకుండా తేలారు.

రెండు మూడేళ్ళు ఓపిక పట్టారు. తర్వాత ఎవరో ఒకరు ఫోన్ చేసి "ఇక్కడ ఎండ ఉంది, బియ్యం దొరుకుతుంది, మనవాళ్ళున్నారు" అన్నారు. కారులో సామాను వేసుకుని బయల్దేరారు. కాలిఫోర్నియా స్థావరం పెండిల్టన్ దగ్గర్లోనే ఉన్న వెస్ట్‌మిన్‌స్టర్‌లో స్ట్రాబెర్రీ పొలాల పక్కన, బోల్సా ఎవెన్యూ మీద, 1970ల చివర్లో మొదటి దుకాణాలు వెలిశాయి. 'న్గువాయ్ వియెత్' అనే పత్రిక 1978లో ఆ చుట్టుపక్కలే మొదలై ఇప్పటికీ వస్తోంది. 1987లో పెద్ద మాల్ తెరిచారు. 1988లో గవర్నరే వచ్చి 'లిటిల్ సైగాన్' అని హైవే బోర్డు పెట్టించాడు. శాన్ హోసేకి రప్పించింది పని. అప్పట్లో చిప్పులు, సర్క్యూట్ బోర్డుల అసెంబ్లీ లైన్లలో ఇంగ్లీషు అంతగా రాకపోయినా చేతివేగం ఉంటే చాలు. మనవాళ్ళు ఈ సిలికాన్ లోయలో సాఫ్ట్‌వేర్ రాయడానికి వచ్చేసరికి ఆ బోర్డుల మీద సోల్డరింగ్ చేసినవాళ్ళు ఇళ్ళు కొనుక్కుని ఉన్నారు.

స్థానికులు బాగా చూసుకున్నారా?

స్పాన్సర్లు చాలామంది బాగానే చూశారు. దేశం మొత్తంగా అంత ఉత్సాహం చూపలేదు. 1975లో సర్వే చేస్తే సగానికి పైగా జనం వీళ్ళని రానివ్వొద్దన్నారు. టెక్సస్ తీరంలో రొయ్యల వేటకి దిగినవాళ్ళకి స్థానిక మత్స్యకారులతో తగాదాలొచ్చాయి. కొంత వల వేసే పద్ధతుల గురించి, కొంత రంగు గురించి. 1979లో సీడ్రిఫ్ట్ అనే ఊళ్ళో గొడవలో ఒక ప్రాణం పోయింది. 1981లో గాల్వెస్టన్ అఖాతంలో కు క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి దురహంకార ముఠా వాళ్ళు ముసుగులేసుకుని తుపాకులతో పడవలో ఊరేగారు. వియత్నాం మత్స్యకారుల సంఘం కోర్టుకెక్కింది. హ్యూస్టన్‌లో గాబ్రియెల్ మెక్‌డొనాల్డ్ అనే నల్లజాతి మహిళా జడ్జి క్లాన్‌ని ఆపుతూ ఉత్తర్వులిచ్చారు. ఆ సీజన్‌లో పడవలు వేటకి వెళ్ళాయి.

నెయిల్ సెలూన్లన్నీ వాళ్ళవేనా? ఎందుకలా?

అన్నీ కాదు. దేశంలో గోళ్ళ పనివాళ్ళలో సగం మంది, కాలిఫోర్నియాలో అంతకంటే చాలా ఎక్కువమంది వియత్నామీయులే. దీనికో కథ ఉంది, నిజం కథే. 1975లో శాక్రమెంటో దగ్గర హోప్ విలేజ్ అనే శరణార్థి శిబిరానికి హాలీవుడ్ నటి టిప్పీ హెడ్రెన్ సాయం చెయ్యడానికి వెళ్ళేది. టైపింగ్, కుట్టుపని లాంటివి ఆలోచిస్తుంటే అక్కడి ఆడవాళ్ళ చూపంతా ఆమె గోళ్ళ మీదే ఉందట. సరేనని తన మానిక్యూరిస్టుని పిలిపించి 20 మందికి నేర్పించింది. వాళ్ళు లైసెన్సులు తెచ్చుకున్నారు, అక్కచెల్లెళ్ళకి నేర్పారు, వాళ్ళు వదినలకి నేర్పారు.

కథ బాగుంటుంది కానీ అదొక్కటే కారణమంటే నేను ఒప్పుకోను. కొన్ని నెలల్లో నేర్చుకోవచ్చు, ఇంగ్లీషు తక్కువ చాలు, కాలిఫోర్నియాలో లైసెన్సు పరీక్ష వియత్నామీస్‌లో రాయొచ్చు, పెట్టుబడి చిన్నది. అప్పటిదాకా డబ్బున్నవాళ్ళ ముచ్చటగా ఉన్న పనిని వీళ్ళు ధర తగ్గించి ఆఫీసుల్లో పనిచేసే మామూలు ఆడవాళ్ళ దాకా తెచ్చారు.

మా అమ్మని ఒకసారి తీసుకెళ్ళాను. కాళ్ళు ఇంకొకరి చేతుల్లో పెట్టడానికి ఆవిడ ఒకటే ఇబ్బంది పడిపోయింది. ఆ పనిచేసే ఆవిడ వయసు కూడా అరవై దాటే ఉంటుంది. "తప్పమ్మా, పెద్దావిడ, వద్దను" అని నాతో తెలుగులో గొణిగింది. ఆవిడ ఏమనుకుందో, నవ్వి అమ్మ మడమ మీద పగుళ్ళు చూపించి తన చెప్పు విప్పి తన మడమ చూపించింది. అక్కడా పగుళ్ళే. ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు మాత్రం ఆ గదిలో రసాయనాల వాసనకి అరగంటలో తలనొప్పి వచ్చింది. ఆవిడ అందులో రోజుకి పది గంటలు ఉంటుంది. టోలుయీన్, ఫార్మాల్డిహైడ్ లాంటివి లేని పాలిష్‌లు వాడించాలని, గాలి ఆడేలా చూడాలని కాలిఫోర్నియాలో 2005 నుంచి పనిగట్టుకుని పోరాడుతున్న సంఘమే ఉంది. పదిహేను డాలర్లకే అయిపోవాలని బేరమాడే ముందు ఇది గుర్తుంచుకోండి.

బ్యాంకు అప్పు పుట్టని రోజుల్లో షాపులు పెట్టడానికి డబ్బెక్కడిది?

చీటీలు! నిజంగానే. వాళ్ళు 'హుయ్' అంటారు. ఇరవై మంది తెలిసినవాళ్ళు చేరతారు, నెలకి తలా ఐదొందలు వేస్తారు, అవసరమున్నవాళ్ళు పాట పాడి ఆ నెల మొత్తం ఎత్తుకుంటారు. నడిపే మనిషికి దాని తాలూకు కొంత ముడుతుంది. తాతగారి భార్య ఇదంతా నాకు కాగితం మీద గీసి చెప్పబోతుంటే, మధ్యలోనే ఆపి మిగతాది నేను చెప్పాను. ఆవిడ నన్ను అనుమానంగా చూసింది. "మీ దేశంలో కూడా ఉందా?" ఉండకేం. మా నాన్న విశాఖలో స్థలం కొన్నది చీటీ డబ్బుతోనే.

చీటీ ఎత్తేసి పారిపోవడం కూడా రెండు చోట్లా ఉంది. వాళ్ళు 'బే హుయ్' అంటారు, హుయ్ పగిలింది అని. కోర్టుకి వెళ్ళడం కష్టం, రాతకోతలు ఉండవు కాబట్టి. నడిపే మనిషి పరువే జామీను.

షాపుల ముందు, ఇళ్ళ మీద పసుపు జెండా ఏంటి? వియత్నాం జెండా ఎర్రది కదా?

ఈ పొరపాటు నేను స్వయంగా చేశాను కాబట్టి జాగ్రత్తగా చదవండి. మా పాప రెండో క్లాసులో ఉన్నప్పుడు స్కూల్లో ఇంటర్నేషనల్ డే. జెండాలు ప్రింట్ చేసే పని నేను నెత్తినేసుకున్నాను. నెట్‌లో వెతికి, ఎర్ర జెండా మీద పసుపు నక్షత్రం ఉన్నది తీసి, వియత్నాం టేబుల్‌కి శుభ్రంగా అతికించాను. ఎవరో నాయనమ్మ స్ప్రింగ్ రోల్స్ పళ్ళెం పట్టుకుని వచ్చింది. జెండా చూసింది. పళ్ళెం కింద పెట్టకుండా అలాగే నిలబడిపోయింది. అరవలేదు, గొడవ చెయ్యలేదు. కాసేపటికి వాళ్ళ కోడలు నా దగ్గరకొచ్చి మెల్లగా, "అది మా అత్తగారి భర్తని తొమ్మిదేళ్ళు జైల్లో పెట్టినవాళ్ళ జెండా" అంది. నాకు ఒకటే టెన్షన్, కాళ్ళూ చేతులూ ఆడలేదు. పసుపు చార్ట్ పేపర్ కత్తిరించి మూడు ఎర్ర రిబ్బన్లు అడ్డంగా అతికించాం. అప్పుడు పళ్ళెం టేబుల్ మీదకి వచ్చింది.

పసుపు మీద మూడు ఎర్ర గీతలది 1975 దాకా ఉన్న దక్షిణ వియత్నాం జెండా. ఆ దేశం ఇప్పుడు లేదు, జెండా మాత్రం ఇక్కడ ఉంది. 2003లో వెస్ట్‌మిన్‌స్టర్ నగరం దాన్ని అధికారికంగా గుర్తిస్తూ తీర్మానం చేసింది, తర్వాత చాలా ఊళ్ళు అదే బాట పట్టాయి. 1999లో అదే ఊళ్ళో ఒక వీడియో షాపాయన హో చి మిన్ ఫోటో, ఎర్ర జెండా గోడకి తగిలిస్తే 53 రోజులు ధర్నా జరిగింది. ఒక దశలో వేలమంది చేరారు. ఏప్రిల్ 30 హనోయ్‌లో విజయోత్సవం, ఇక్కడ 'నల్ల ఏప్రిల్'.

ఈ మధ్య హనోయ్ నుంచి చదువుకోడానికి వచ్చే పిల్లలకి ఎర్ర జెండా అంటే ఫుట్‌బాల్ మ్యాచ్‌లో ఊపే జెండా, అంతే. పెద్దవాళ్ళ దగ్గర వాళ్ళు కూడా ఇబ్బందిపడతారు. ఎవరి పక్కా తీసుకోకండి, ముఖ్యంగా ప్రింటర్ ఆన్ చేసే ముందు.

శాన్ హోసేలో పేరు కోసం పెద్ద గొడవైందని విన్నాను. ఏం పేరు?

స్టోరీ రోడ్డు వ్యాపార ప్రాంతానికి పేరు పెట్టాలనుకున్నారు. జనం 'లిటిల్ సైగాన్' అడిగారు. 2007లో కౌన్సిల్ 'సైగాన్ బిజినెస్ డిస్ట్రిక్ట్' అని ఖాయం చేసింది. అంతే, ధర్నాలు, ఒకాయన నిరాహార దీక్ష. 2008లో కౌన్సిల్ వెనక్కి తగ్గింది. ఊళ్ళో మొదటి వియత్నామీయ కౌన్సిలర్ మాడిసన్ న్గుయెన్‌ని దించెయ్యాలని 2009లో ఓటింగ్ కూడా పెట్టారు, ఆమె గెలిచింది. బయటివాళ్ళకి రెండు పేర్లకీ తేడా ఏంటో అర్థం కాదు. సైగాన్ అన్న పేరు సొంతదేశం మ్యాపులోంచి తీసేశారు, ఇక్కడైనా సరిగ్గా ఉండాలి అని తాతగారు చెప్పాక నాకు కొంత అర్థమైంది.

రాజకీయంగా ఎటువైపు?

పెద్దవాళ్ళు కమ్యూనిజం మాట వింటే మండిపడతారు కాబట్టి ఎక్కువగా రిపబ్లికన్లు. పిల్లలు అటూ ఇటూ. 1992లో టోనీ లామ్ వెస్ట్‌మిన్‌స్టర్ కౌన్సిల్‌కి గెలవడం తొలి అడుగు. 2008లో లూసియానా నుంచి జోసెఫ్ కావ్ పార్లమెంటుకి వెళ్ళిన మొదటి వియత్నామీయుడు, రిపబ్లికన్. 2024లో ఆరెంజ్ కౌంటీ నుంచి డెరెక్ ట్రాన్ వెయ్యి లోపు ఓట్ల తేడాతో గెలిచాడు, ఈయన డెమోక్రాట్. శరణార్థుల కొడుకు.

అందరి ఇంటిపేరూ న్గుయెన్ ఏంటి? ఎలా పలకాలి, ఎలా పిలవాలి?

వియత్నాంలో పది మందిలో దాదాపు నలుగురిది ఇదే ఇంటిపేరు. చుట్టాలేం కాదు. రాజవంశాలు మారినప్పుడల్లా జనం కొత్త వంశం పేరు తగిలించుకోవడం ఒక కారణం, చివరి రాజవంశం న్గుయెన్‌లది. పలకడం మనకి చాలా తేలిక. క, ఖ, గ, ఘ తర్వాత ఎందుకుందో తెలియకుండా చిన్నప్పుడు దిద్దిన 'ఙ' ఉంది చూడండి, ఆ శబ్దంతోనే మొదలవుతుంది. అమెరికన్లు 'విన్' అనేసి ఊరుకుంటారు. మీరు 'ఙ్వియెన్' అని చూడండి, అవతలి మనిషి మొహం వెలిగిపోతుంది. వాళ్ళకీ మనలాగే ఇంటిపేరు ముందు, అసలు పేరు చివర. అందుకే ఆసుపత్రి ఫారాల్లో వాళ్ళూ మనమూ ఒకేలా తికమక పడతాం.

పిలుపుల్లో 'నువ్వు', 'నేను' అని పొడిగా అనరు. వరసే సర్వనామం. నాన్న తమ్ముడి వరస అయితే 'చూ', నాన్న అన్న వరస 'బాక్', అమ్మ తమ్ముడి వరస 'కవ్', మేనత్త వరస 'కో'. బాబాయికీ మేనమామకీ తేడా లేకుండా అందరినీ 'అంకుల్' అనే ఇంగ్లీషు వాళ్ళకి ఇది చచ్చినా అర్థం కాదు. మనకి అరనిమిషం పట్టదు. నేను తాతగారిని 'బాక్' అంటాను. ఆయన నన్ను 'కాన్' అంటాడు, బిడ్డా అని.

వాళ్ళ మతం ఏంటి?

చాలామంది బౌద్ధులు. కానీ అమెరికాలో క్యాథలిక్కులు వియత్నాంలో కంటే చాలా ఎక్కువ నిష్పత్తిలో ఉన్నారు. 1954లో దేశం రెండుగా చీలినప్పుడు ఉత్తరం నుంచి దక్షిణానికి పారిపోయినవాళ్ళలో ఎక్కువమంది క్యాథలిక్కులే. వాళ్ళకిది రెండో పరుగు. న్యూ ఆర్లియన్స్‌లో 2005 కత్రినా తుఫాను తర్వాత అందరికంటే ముందు ఇళ్ళకి తిరిగొచ్చి కట్టుకున్నవాళ్ళలో ఒక వియత్నాం చర్చి చుట్టూ ఉన్న పేట ఉంది. ఎందుకు అంత తొందరగా తిరిగొచ్చారంటే, రెండుసార్లు ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళు మూడోసారి వదలరు.

ఏ మతమైనా ఇంట్లో పెద్దల పటాలకి పీట ఉంటుంది. ఏటా 'యో' పెడతారు. అచ్చంగా మన తద్దినం, అదీ చాంద్రమానం తిథి ప్రకారమే. ఒకసారి పిలిస్తే వెళ్ళాను. పటం ముందు అగరొత్తులు, ఐదు రకాల పళ్ళు, పోయినాయనకి ఇష్టమైన వంటలన్నీ ముందు ఆయనకి పెట్టి, అగరొత్తి కాలేదాకా ఆగి, తర్వాత అందరూ తిన్నారు. మన ఇళ్ళల్లోలాగా నియమాలు, మడి ఏమీ లేవు. బీరు సీసాలు తెరుచుకున్నాయి, పిల్లలు కరవోకే పెట్టారు. నాకు మొదట అదోలా అనిపించింది. పోయినాయన బతికుండగా బాగా పాడేవాడట.

టెట్‌కి పిలిచారు. ఏం తీసుకెళ్ళాలి?

ముందుగా, ఇది టీచర్ల పరీక్ష కాదు. 'తెత్', చాంద్రమాన కొత్త సంవత్సరం, జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో వస్తుంది. కాలిఫోర్నియాలో 2022లో చేసిన చట్టంతో రాష్ట్ర సెలవుల జాబితాలో చేరింది. పళ్ళో, స్వీట్లో పట్టుకెళ్ళండి, పిల్లలకి ఎర్ర కవర్లో కొత్త నోటు పెట్టండి. పిలవకుండా తెల్లారేసరికి తలుపు కొట్టొద్దు. ఆ రోజు గుమ్మంలో మొదట ఎవరు అడుగుపెడితే ఏడాదంతా అలా ఉంటుందని నమ్ముతారు. బయల్దేరేటప్పుడు ఎవరు ఎదురొచ్చారో చూసుకునే మనకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ రోజు ఇల్లు ఊడవరు, అదృష్టం కూడా ఊడ్చుకుపోతుందని.

వాళ్ళ పన్నెండు జంతువుల చక్రంలో చైనా వాళ్ళ కుందేలు బదులు పిల్లి ఉంటుంది. ఇది మా పాపకి బాగా నచ్చిన విషయం. అరిటాకుల్లో చుట్టి ఉడికించే 'బాన్ తెత్' బంకబియ్యం, పెసరపప్పుతో చేస్తారు, మధ్యలో పంది మాంసం ఉంటుంది, చూసుకోండి. దక్షిణాది వాళ్ళ ఇళ్ళల్లో కాకరకాయ చారు తప్పనిసరి. కాకరని 'ఖో క్వా' అంటారు. 'ఖో' అంటే కష్టం, 'క్వా' అంటే గడిచిపోవడం.

మేం శాకాహారులం. వాళ్ళ హోటల్లో ఏమైనా తినగలమా?

'చయ్' అన్న మాట గుర్తుపెట్టుకోండి. టీ కాదు, శాకాహారం. బౌద్ధులు పౌర్ణమికీ, పాడ్యమికీ చయ్ తింటారు, ఆ రోజుల్లో హోటళ్ళలో వెరైటీ ఎక్కువ. గుడివంటల్లో ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు, మా అత్తగారు ఎగిరి గంతేశారు. మామూలు హోటల్లో మాత్రం కూరాకు వేపుడు కూడా నమ్మకండి. చేపల సాస్ 'నూక్ మామ్' చుక్క పడకుండా వంటవాడి చెయ్యి ఆగదు. 'ఫో' చారు చూడ్డానికి తేటగా ఉన్నా, ఎముకలు గంటలకొద్దీ కాచినదే.

కాఫీ తప్పకుండా తాగండి. గ్లాసు మీద చిన్న రేకు ఫిల్టర్ పెట్టి చుక్కచుక్కగా దించి, కండెన్స్‌డ్ మిల్క్‌లో కలుపుతారు. చాలామంది న్యూ ఆర్లియన్స్ నుంచి వచ్చే చికోరీ కలిపిన పసుపు డబ్బా కాఫీ వాడతారు. మన ఫిల్టర్ కాఫీ అలవాటున్న నాలుకకి దగ్గరి చుట్టంలా ఉంటుంది. కూరలకి మాత్రం నేను ఇండియన్ స్టోర్ కంటే వాళ్ళ మార్కెట్‌కే వెళ్తాను: బచ్చలి, తూటికూర, అరటిపువ్వు, చింతకాయ, పచ్చి పనస, శ్రావణమాసంలో అరిటాకులు. శాండ్‌విచ్ ట్రక్కుగా 1983లో మొదలైన లీస్ శాండ్విచెస్ ఈ ఊరిదే. అక్కడి రొట్టె వియత్నాంలో ఫ్రెంచి వాళ్ళ పాలన తాలూకు మిగులు.

పిల్లలకి భాష వస్తుందా?

వింటారు, తిరిగి ఇంగ్లీషులో జవాబిస్తారు. ఎక్కడో విన్నట్టుందా? శనాదివారాల్లో చర్చిల్లో, గుళ్ళల్లో బడులు నడుస్తాయి. మా పాప తెలుగు నేర్పే మనబడి పుస్తకాలు పట్టుకుని కారెక్కే టైముకే ఎదురింటి పిల్లాడు వాళ్ళ బడికి కారెక్కుతాడు, ఇద్దరి మొహాల్లోనూ అదే ఏడుపు. వెస్ట్‌మిన్‌స్టర్‌లో 2015 నుంచి ప్రభుత్వ బడిలోనే రెండు భాషల్లో చదువు మొదలుపెట్టారు. ఆరు స్వరాలున్న భాష, స్వరం తప్పితే మాట మారిపోతుంది. పిల్లలకి అంతకంటే కష్టం వరసలు: ఎదుటి మనిషి తనకంటే పెద్దో చిన్నో తెలియకపోతే వాక్యమే మొదలుపెట్టలేరు.

వెనక్కి వెళ్తారా?

1994లో అమెరికా ఆంక్షలు ఎత్తేసింది, 1995లో దౌత్య సంబంధాలు మొదలయ్యాయి. అప్పటిదాకా సబ్బులు, మందులు, బట్టలు పెట్టెల్లో పంపేవాళ్ళు. ఇప్పుడు తెత్ ముందు సైగాన్ విమానాల్లో సీటు దొరకదు. అక్కడ వీళ్ళని 'వియెత్ కియెవ్' అంటారు, మన 'ఎన్నారై' అన్నంత వెటకారంగానే. జెండా మారేదాకా వెళ్ళనని ఒట్టేసుకున్నవాళ్ళూ ఉన్నారు. తాతగారి భార్య నాలుగుసార్లు వెళ్ళొచ్చింది, ఆయన ఒక్కసారీ వెళ్ళలేదు.

యుద్ధం గురించి, పడవ గురించి అడగొచ్చా?

అడక్కండి. వాళ్ళే చెప్తే వినండి. తెలుసుకోవాలని ఉంటే కెల్లీ పార్కులో వియెత్ మ్యూజియం ఉంది, పడవల్లో వచ్చినవాళ్ళ జ్ఞాపకాలతో 2007లో తెరిచారు. ముందు అక్కడికి వెళ్ళండి.

నేను పదమూడేళ్ళు అడగలేదు. రెండేళ్ళ కిందట గాలులెక్కువై ఊరంతా కరెంటు తీసేశారు. ఫోన్లు చచ్చిపోయి అందరం బయటికొచ్చాం. ఇన్నేళ్ళలో మా వీధి అంత చీకటిగా ఎప్పుడూ లేదు. తాతగారు ఫెన్సు దగ్గర నిలబడి ఆకాశం చూస్తూ, "సముద్రంలో ఇలాగే ఉండేది" అన్నాడు. ఆరు రాత్రులు. నలభై రెండు మంది. మూడో రోజుకి నీళ్ళు అయిపోయాయి. దూరంగా ఓడల దీపాలు కనిపించేవి, ఆగేవి కావు. ఏడో ఓడ ఆగింది. తన చెల్లెలి గురించి ఏదో మొదలుపెట్టాడు, "ఆవిడకి అప్పుడు పదకొండేళ్ళు" అన్నాడు. ఇంతలో వీధి దీపాలు వెలిగాయి, అందరి ఇళ్ళల్లోంచీ ఫ్రిజ్‌ల మోత మొదలైంది. ఆయన చేతులు దులుపుకుని, "కాకరకాయలు బాగా కాశాయి, కావాలా?" అని సంచీ తేవడానికి లోపలికి వెళ్ళాడు.